నిప్పు మీంచి దిగి ఎంతసేపైంది?

మీరు అడిగింది ఇదీ. దగ్గర్లో ఉన్న చిన్న హోటళ్లలో వారానికి రెండు మూడుసార్లు తింటారు. ఒకరోజు వేళ్లు నాకించిన చోటే ఇంకోరోజు సగం ప్లేటు వదిలేసి లేచి రావాల్సి వస్తోంది. రివ్యూలు నమ్మి వెళ్తే దెబ్బతింటున్నారు. కూర్చునే ముందే మంచీ చెడూ ఎలా పసిగట్టాలి, బాగోలేనప్పుడు గొడవ పడకుండా ఎలా చెప్పాలి అని.

నేను పదకొండేళ్లు ఇలాంటి చిన్న హోటళ్ల వంటింట్లో పనిచేశాను. తర్వాత ఆరేళ్లు హాలు చూసుకున్నాను. ఇప్పుడు ఆ పని మానేసి అందరిలాగే డబ్బులిచ్చి తింటున్నాను. కౌంటర్‌కి అటూ ఇటూ నిలబడ్డాక నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. "ఈ హోటల్ మంచిదేనా?" అంటే నా దగ్గర జవాబు లేదు. "ఈ ప్లేటులో ఉన్నది నిప్పు మీంచి దిగి ఎంతసేపైంది? ఆ సేపు ఎక్కడ ఉంది?" అని అడిగితే చాలావరకు చెప్పగలను. మీరు రాసిన మంచి అనుభవాలూ చెడ్డ అనుభవాలూ ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతున్నాయి.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నెలో అన్నానికి అది నిజమే. అన్ని మెతుకులూ అవే నీళ్లలో, అదే మంట మీద, అంతేసేపు ఉడికాయి. హోటల్‌కి ఈ లెక్క పనిచేయదు. ఒంటిగంటకి మీరు తిన్న వేపుడు, నాలుగింటికి మీ ఫ్రెండ్ తిన్న వేపుడు మెనూలో ఒకటే. రేటు ఒకటే, వండిన చెయ్యి కూడా ఒకటే కావచ్చు. మీది మూకుట్లోంచి తీసిన రెండు నిమిషాలకి టేబుల్ మీదకొచ్చింది. మీ ఫ్రెండ్‌ది ఒంటిగంటన్నరకి వేయించి, ట్రేలో పడేసి, ఆర్డరొచ్చాక మళ్లీ నూనెలో ముంచి తీసింది. మీరు ఐదు స్టార్లు ఇస్తారు, ఆయన ఒక స్టారు ఇస్తాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

వేపుడు కరకరలాడేది పైపొరలో నీరు ఎగిరిపోవడం వల్ల. నూనె 170, 180 డిగ్రీల దగ్గర ఉంటే పైపొర ఎండి గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆ కమ్మటి వాసన పుడుతుంది. ఆ రంగూ వాసనా వెనకున్న రసాయన చర్య గురించి 1912లో మయార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త రాశాడు కాబట్టి దానికి ఆయన పేరే పెట్టారు. నీళ్లలో ఉడికే వస్తువు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, అందుకే ఉడకబెట్టినదానికి ఆ రంగు రాదు. ఇక ముక్కని నూనెలోంచి తీశాక లోపలి తేమ మెల్లగా పైకి పాకుతుంది. కొన్ని నిమిషాలకే పైపొర మెత్తబడుతుంది. మూత పెడితే ఆవిరి పోవడానికి దారి లేక ఇంకా తొందరగా మెత్తబడుతుంది. పార్సిల్‌లో వేపుడు తడిసిన అట్టలా వచ్చిందని మాస్టర్‌ని తిట్టే ముందు ఇది గుర్తు పెట్టుకోండి. ఎంత మంచి మాస్టరైనా మూసిన డబ్బాలో అరగంట కూర్చున్న వేపుడుని కాపాడలేడు. నేను పార్సిల్ తీసుకుంటే "మూత కొంచెం తెరిచే ఉంచండి" అంటాను. లేదంటే వేపుడు జోలికే పోను.

అలాగని కాలం అన్నిటికీ శత్రువు కాదు. నెమ్మదిగా ఉడికే కూరలు, గ్రేవీలు, చిక్కటి సూపులు గంటా రెండు గంటలు సన్నటి సెగ మీద ఉంటే బాగుపడతాయే తప్ప చెడవు. అందుకే రెండు ప్రశ్నలన్నాను. ఎంతసేపైంది, ఎక్కడ ఉంది. పొగలు కక్కుతూ స్టవ్ మీదే ఉంటే సరే. బల్ల మీద గోరువెచ్చగా ఉంటే సరి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క సులువు: వేడిగా ఉంచేది 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలి, వండినది బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. మీ చేతిలో థర్మామీటర్ ఉండదు, పర్వాలేదు. సూప్ తెచ్చి పెట్టగానే తాగేయగలిగితే అది వేడిగా లేనట్టే. ఊదుకోవాలి, కాసేపు ఆగాలి.

రద్దీ దగ్గరికొద్దాం. జనం ఉన్న హోటల్‌కి వెళ్లమని అందరూ చెబుతారు, కారణం మాత్రం తప్పు చెబుతారు. జనం ఉన్నారంటే రుచి బాగుంటుందని కాదు. అక్కడ సరుకు కదులుతుంది. పొద్దున తరిగింది మధ్యాహ్నానికి అయిపోతుంది, వండింది ట్రేలో కూర్చోదు. కొన్నిచోట్ల టేబుళ్లు ఖాళీగా కనిపించినా పార్సిల్ కౌంటర్ దగ్గర సంచులు వరసగా వెళ్తుంటాయి. అక్కడా సరుకు కదులుతున్నట్టే. దీనికి తలకిందులుగా, హాలు నిండుగా ఉండి ఎవరి ముందూ ప్లేటు లేదనుకోండి, లోపల ఏదో తేడా కొట్టింది. ఒక మనిషి రాలేదో, ఒక బర్నర్ పోయిందో. అలాంటప్పుడు నేను కూర్చోను.

ఎంతసేపు పడుతుందో తెలుసుకోవాలంటే సప్లయర్‌ని అడగొద్దు. ఆయన "ఐదు నిమిషాలు సార్" అనే అంటాడు, నేనూ అన్నాను. దానికి బదులు ఒక ఐదు నిమిషాలు వంటింటి కిటికీ వైపు చూడండి. ఐదు ప్లేట్లు బయటికొచ్చాయనుకోండి, నిమిషానికి ఒకటి. మీకంటే ముందు ఇంకా ఇరవై ప్లేట్లు రావాల్సి ఉంటే మీకు ఇరవై నిమిషాలు. వరసలో ఉన్నవాళ్లు, వేగం, పట్టే సమయం మధ్య ఉన్న ఈ లెక్కని 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ గణితంగా నిరూపించాడు. ఫ్యాక్టరీల్లోనూ ఇదే లెక్క వేస్తారు. నాకైతే ఆ పేరు చాలా ఆలస్యంగా తెలిసింది. ప్లేట్లు లెక్కపెట్టే అలవాటు అంతకు ముందే ఉంది.

ఎదురుచూడ్డంలో ఇంకో ముక్క ఉంది. ఎంతసేపో తెలియని పదిహేను నిమిషాలు, తెలిసిన ఇరవై ఐదు నిమిషాలకంటే పొడుగ్గా అనిపిస్తాయి. వరసల్లో నిలబడే జనం గురించి 1985లో డేవిడ్ మైస్టర్ రాసిన వ్యాసంలో ఈ సంగతి చక్కగా చెప్పాడు. హాలు చూసే రోజుల్లో నేను నేర్చుకున్నది కూడా అదే. టేబుల్ దగ్గరికి వెళ్లి "పొయ్యి మీద ఉందండీ, ఇంకో పది నిమిషాలు" అని నిజం చెప్తే జనం ఊరుకుంటారు. మొహం చాటేస్తేనే కోపం వస్తుంది. కాబట్టి మీరు వెళ్లిన చోట సప్లయర్ తనంతట తాను వచ్చి ఆలస్యమవుతుందని చెప్పాడంటే ఆ హోటల్‌కి ఒక మార్కు వేయండి. ఆలస్యానికి కాదు, చెప్పినందుకు.

మెనూ సంగతి. నాలుగు టేబుళ్ల హోటల్లో నూట ఇరవై రకాలుంటే నాకు నవ్వొస్తుంది. పెద్ద హోటళ్లలో వేపుళ్లకి ఒకరు, సాస్‌లకి ఒకరు, కూరగాయలకి ఒకరు అని పని పంచుకునే పద్ధతి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎస్కోఫియే అనే ఫ్రెంచ్ చెఫ్ దాన్ని ఒక క్రమంలో పెట్టాడు. చిన్న హోటల్లో ఆ పనులన్నీ ఒకాయనో ఇద్దరో చేస్తారు, రెండు మూడు బర్నర్ల మీద. నూట ఇరవై రకాలు ఎలా వస్తాయి మరి? నాలుగు మూల గ్రేవీలు, ఒక ఫ్రీజరు. పేర్లు మారతాయి, గిన్నె అదే. అది మోసమని నేను అనను, కొందరు ఆ నాలుగు గ్రేవీలనే అద్భుతంగా చేస్తారు. కానీ ఎవరూ అడగని తొంభై ఏడో రకాన్ని మీరు అడిగారంటే ఫ్రీజర్ అడుగున ఉన్నదాన్ని మీరే తట్టి లేపినట్టు.

నేను కొత్త చోటికి వెళ్తే ముందు పక్క టేబుళ్ల మీద ఏముందో చూస్తాను. మూడు టేబుళ్ల మీద ఒకే వస్తువు కనిపిస్తే అదే తెమ్మంటాను. గుంపుగా వెళ్లినప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో రకం వంట అడిగితే, భారమంతా ఒకే పెనం ముందు నిలబడ్డ మాస్టర్ మీద పడుతుంది. మొదటిది చల్లారేదాకా చివరిది రాదు. ఆరుగురికి రెండు మూడు రకాలు చెప్పి పంచుకోండి. "ఏది బాగుంటుంది?" అని కూడా అడగొద్దు, "అన్నీ బాగుంటాయి" అంటారు. "ఇప్పుడు పొయ్యి మీద ఏముంది?" అనండి. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పాలంటే కొంచెం ఆలోచించాలి. ఆ ఆలోచన మొహంలో కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు జరిగింది ఒకటి చెప్తాను. అన్నీ తెలిసి చేసిన తప్పు.

ఒకసారి పని మీద తిరిగి తిరిగి సాయంత్రం నాలుగున్నరకి ఒక హోటల్లో కూర్చున్నాను. హాల్లో నేను తప్ప ఎవరూ లేరు. అన్నం, కూర చెప్పాను. మూడు నిమిషాల్లో తెచ్చి పెట్టారు. అప్పుడే అర్థం కావాలి, మూడు నిమిషాల్లో అన్నం ఉడకదు. గిన్నె అంచు దగ్గర అన్నం పొగలు కక్కుతోంది, మధ్యలో వేలు పెడితే చల్లగా ఉంది. అంచున ఉన్న మెతుకులు ఎండి గట్టిపడ్డాయి, మధ్యలోవి ఉండకట్టాయి. మూత లోపలి వైపు నీటి బొట్లు. మధ్యాహ్నం వండి బయట పెట్టిన అన్నాన్ని మైక్రోవేవ్‌లో తిప్పి ఇచ్చారని నాలాంటివాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా తిన్నాను. ఆకలి రుచెరగదని ఊరికే అనలేదు. ఏడున్నరకల్లా వాంతులు మొదలయ్యాయి, అర్ధరాత్రి దాకా వదల్లేదు.

చాలామంది అనుకునేది ఏంటంటే, బాగా వేడి చేస్తే అన్నీ చచ్చిపోతాయి కదా అని. అన్నం విషయంలో అది సరిపోదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంలో విత్తనాల్లాంటి రూపంలో ఉంటుంది, అన్నం ఉడికినా ఆ రూపం చావదు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అది మొలకెత్తి పెరిగి ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషం వేడికి లొంగదు. మళ్లీ వేడి చేస్తే బ్యాక్టీరియా పోవచ్చు కానీ విషం ప్లేటులోనే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు. నా లెక్క మూడు గంటలు, సరిగ్గా సరిపోయింది.

పరీక్ష చేయించలేదు కాబట్టి అదే కారణమని ప్రమాణం చేయలేను. ఇక్కడే మీకో మాట చెప్పాలి. కడుపు పాడైతే మనమందరం చివరగా తిన్న హోటల్ మీద పడతాం. చాలాసార్లు అది తప్పు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ అయితే బయటపడటానికి 12 నుంచి 48 గంటలు పడుతుంది, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టొచ్చు. అంటే నిన్నటి ఇంటి భోజనమో, మొన్నటి ఫంక్షనో కావచ్చు. హోటల్‌కి ఫోన్ చేసే ముందు గత మూడు రోజుల్లో ఏం తిన్నారో, మీతోపాటు తిన్నవాళ్లలో ఇంకెవరికైనా అయిందేమో రాసుకోండి. ఇద్దరు ముగ్గురికి ఒకేలా అయితే ఆహార భద్రత చూసే అధికారులకి చెప్పడం మంచిది, హోటల్‌తో వాదించడంకంటే. విరేచనంలో రక్తం పడినా, జ్వరం 102 ఫారెన్‌హీట్ దాటినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూడు రోజులకి తగ్గకపోయినా ఇవన్నీ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆ హోటల్‌కి మర్నాడు ఫోన్ చేశాను. "మా దగ్గర ఇంకెవరికీ ఏం కాలేదు సార్" అన్నారు. ఆ టైములో ఇంకెవరూ తినలేదు మరి. నేను మళ్లీ వెళ్లలేదు.

శుభ్రత గురించి ఎవరి జాబితాలు వాళ్లకుంటాయి. నేను గోడలూ కుర్చీలూ పట్టించుకోను. పాత గోడల మధ్య బంగారంలాంటి వంటలు తిన్నాను, ఏసీ హాల్లో మాసిన గుడ్డతో ప్లేట్లు తుడవడం చూశాను. చూడాల్సింది గుడ్డనే. టేబుల్ తుడిచిన గుడ్డతోనే గ్లాసులు తుడిస్తే లేచి వెళ్లిపోండి. డబ్బులు ముట్టుకున్న చేత్తో తిండి ముట్టుకుంటున్నారా, బాత్రూమ్‌లో సబ్బు ఉందా, ఇవి చాలు. సబ్బు అంటే సబ్బే. నోరోవైరస్ మీద శానిటైజర్ పెద్దగా పనిచేయదు. నూనె సంగతి చూపుతో కంటే ముక్కుతో బాగా తెలుస్తుంది. మళ్లీ మళ్లీ కాచిన నూనె నురగ కడుతుంది, మామూలు వేడికే పొగ లేస్తుంది, గొంతులో పట్టేసే వాసన వస్తుంది. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, పిండి పట్టించిన ముక్కలు వేయిస్తే మంచి నూనె కూడా నల్లబడుతుంది.

రివ్యూలు. వాటి వెనక డబ్బుంది కాబట్టి అబద్ధం కూడా ఉంటుంది. అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల మీద, అప్పట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఉన్న మైకేల్ లూకా 2011లో రాసిన పత్రం ప్రకారం, యెల్ప్ అనే రివ్యూ సైట్‌లో ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుంది. అది కూడా సొంతంగా నడిపే చిన్న రెస్టారెంట్లకే, పేరున్న చైన్‌లకి తేడా కనిపించలేదు. చిన్న హోటల్‌కి స్టారు అంటే జీతాల డబ్బు. మరి బంధువుల చేత నాలుగు రివ్యూలు రాయించకుండా ఉంటారా? నేను పనిచేసిన ఒక చోట మా అందరి ఫోన్లూ తీసుకుని రాయించారు. నాకు ఆరోజు ఎంత సిగ్గేసిందో.

అందుకని నేను మొత్తం స్టార్లు చూడను. ఈమధ్య రెండు నెలల్లో రాసినవే చదువుతాను, అందులోనూ మూడు స్టార్లవి. ఐదు ఇచ్చినవాడు మురిసిపోయి ఉంటాడు, ఒకటి ఇచ్చినవాడు మండిపోయి ఉంటాడు. మూడు ఇచ్చినవాడే "వేపుడు బాగుంది, అన్నం చల్లారింది, రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్లాం" అని రాస్తాడు. టైము రాసిన రివ్యూ దొరికితే అది పది రివ్యూలతో సమానం. ఇంకోటి, "ఇదివరకటిలా లేదు" అని వరసగా ముగ్గురు రాశారంటే మాస్టర్ మారాడని అర్థం. మాస్టర్ మారితే అంతకు ముందు రాసిన వందల రివ్యూలు వేరే హోటల్‌వి.

చెప్పడం ఎలా అన్నారు. ముందు మంచిగా జరిగినది చెప్తాను.

ఆరు టేబుళ్లున్న ఒక చోట ఆమ్లెట్ చెప్పాను. రెండో ముక్కలో పంటి కింద పెంకు తగిలింది. సప్లయర్ కుర్రాడిని పిలిచి ప్లేటు అంచున పెట్టిన పెంకు ముక్క చూపించాను. గొంతు పెంచలేదు. "ఇది వచ్చింది బాబూ" అన్నానంతే. వాడు సారీలు గుప్పించలేదు. ప్లేటు తీసుకుని నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి మాస్టర్‌కి చూపించాడు. ఆయన పెంకుని వేలితో తీసి వెలుతురులో చూశాడు. తర్వాత చేసింది నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా గుడ్లని నేరుగా గిన్నె అంచుకి కొట్టి అందులోనే వేస్తున్నాడు. ఇప్పుడు ఒక చిన్న కప్పు తెచ్చుకున్నాడు. ఒక గుడ్డు కప్పులో కొట్టాడు, చూశాడు, గిన్నెలో పోశాడు. రెండోది మళ్లీ కప్పులో. నాకు చేసినంతవరకే అనుకున్నాను. నేను కాఫీ తాగి లేచేదాకా వేరే టేబుళ్ల ఆమ్లెట్లకి కూడా కప్పు వాడుతూనే ఉన్నాడు. ఆ హోటల్‌కి నేను ఇప్పటికి యాభైసార్లు వెళ్లుంటాను.

తప్పు జరిగితే చాలా హోటళ్లు ప్లేటు మారుస్తాయి, కొన్ని బిల్లు తగ్గిస్తాయి. పని చేసే తీరు మార్చేవాళ్లు తక్కువ. మీరు వెతకాల్సింది వాళ్లని.

మీ వైపు నుంచి చేయాల్సినవి పెద్దగా లేవు, కానీ టైము ముఖ్యం. రెండు ముద్దలకే చెప్పండి. ముప్పావు ప్లేటు ఖాళీ చేసి బాగోలేదంటే లోపల ఎవరూ నమ్మరు, నేనూ నమ్మలేదు. "ఏంటిది, చెత్తలా ఉంది" అంటే మాస్టర్ దగ్గరికి చేరేది మీ కోపం మాత్రమే. "మధ్యలో చల్లగా ఉంది", "ఉప్పు ఎక్కువైంది", "ముక్క లోపల ఉడకలేదు" అనండి, అది వెంటనే సరిచేసే పని. ఏం కావాలో కూడా మీరే చెప్పండి, మార్చి ఇమ్మంటారా, వేరేది ఇమ్మంటారా, బిల్లులోంచి తీసేయమంటారా. అడగందే అమ్మైనా పెట్టదు. చెప్తే లోపల ఉమ్మేస్తారేమో అని చాలామందికి టెన్షన్. పదిహేడేళ్లలో అలాంటిది నేను ఒక్కసారీ చూడలేదు. తిట్టుకోవడం మాత్రం చూశాను, తిట్టుకున్నాను కూడా.

తప్పు ఆర్డర్ వస్తే అందులో సగం పాపం గోలది. చుట్టూ శబ్దం పెరిగేకొద్దీ మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు, దాంతో హాలంతా ఇంకా గోల. ఈ సంగతి 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ గమనించాడు, అప్పటినుంచి ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. అలాంటి చోట నోటితో చెప్పి ఊరుకోకండి. మెనూ మీద వేలు పెట్టి చూపించి, తిరిగి చెప్పించుకోండి. ఏదైనా పదార్థం మీ ఒంటికి పడకపోతే మాత్రం ఇంకా గట్టిగా చెప్పాలి. "అది వద్దు" అంటే మీకు ఇష్టం లేదనుకుని పైనుంచి ఏరేస్తారు. "అది తింటే ఆసుపత్రిలో పడతాను" అనండి. చిన్న వంటింట్లో ఒకే గరిటె, ఒకే నూనె నాలుగైదు వంటలకి తిరుగుతుంది. అలర్జీ ప్రాణం మీదికొచ్చేంత ఉంటే, సప్లయర్ మాట మీద కాకుండా మాస్టర్‌తో మాట్లాడి తినండి. ఆయన నీళ్లు నమిలితే తినకండి.

చివరగా, మూసే టైముకి వెళ్లడం గురించి. దీని గురించి నేను మాట్లాడాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

వంటింట్లో చేరిన మూడో ఏడు. మూయడానికి ఇరవై నిమిషాలుంది. నూనె మూకుడు దించేశాను, రెండు బర్నర్లు కడిగేశాను, ఒక్క బర్నర్ మీద సూప్ గిన్నె అడుగున కొంచెం మిగిలింది. అప్పుడు ఒకాయన వచ్చి కూర్చున్నాడు, వయసు మళ్లినాయన. సూప్, వేపుడు చెప్పాడు. మూకుడు మళ్లీ పెడితే నూనె కాగడానికి పది నిమిషాలు, కడగడానికి ఇంకో ఇరవై. నేను చేసింది ఏంటంటే, మధ్యాహ్నం ట్రేలో మిగిలిన నాలుగు ముక్కల్ని పెనం మీద అటూ ఇటూ తిప్పి ఇచ్చేశాను. సూప్ కూడా సరిగ్గా మరగనివ్వలేదు. కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన ఒక ముక్క తిన్నాడు, రెండోది కొరికి పక్కన పెట్టాడు. సూప్ రెండు చెంచాలు. తర్వాత బిల్లు కట్టి, సప్లయర్‌కి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు. వారానికి రెండుసార్లు వచ్చే మనిషని తర్వాత సప్లయర్ చెప్పాడు. ఆ తర్వాత రాలేదు.

ఇప్పుడు నేను ఆ టైముకి ఎక్కడికైనా వెళ్తే మెనూ తెరవను. "ఏ పొయ్యి ఇంకా వెలుగుతోందండీ? దాని మీద ఏది అవుతుందో అది ఇవ్వండి" అంటాను. సగం చోట్ల సప్లయర్ లోపలికి వెళ్లి అడిగొచ్చి, ఒకటో రెండో పేర్లు చెప్తాడు. మిగతా చోట్ల "అన్నీ ఉన్నాయి సార్" అంటాడు. అప్పుడు మంచినీళ్లు తాగి లేచొస్తాను.